నిరాశ్రయుల షెల్టర్లు, డీఅడిక్షన్ సెంటర్లకు ప్రభుత్వ డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో రాత్రిపూట ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద పడుకునేవాళ్ల దగ్గరికి వెళ్లే ఒక చిన్న వాలంటీర్ల బృందంలో కొన్నేళ్లుగా ఉన్నాను. కాలనీ సంఘాల వాళ్లు, కార్పొరేటర్లు, తాగుడు మానలేని కొడుకుతో నలిగిపోతున్న తల్లులు మమ్మల్ని పదే పదే అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఇల్లు లేనివాళ్లకు తలదాచుకునే చోటు చూపించడం ప్రభుత్వం బాధ్యతేనా? లేక దయతో చేసే పనా?

బాధ్యతే. ఆహార హక్కు గురించి పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ 2001లో వేసిన కేసు చాలా ఏళ్లు నడిచింది. 2009 చివర్లో ఢిల్లీలో గడ్డకట్టే చలిలో ఒక నైట్ షెల్టర్‌ను కూల్చేశారు. ఆ విషయం ఇదే కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఇల్లు లేకుండా చలిలో చావడమంటే రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు పోవడమేనని 2010లో కోర్టు ముందు గట్టిగా వాదన జరిగింది. లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున, ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండేలా నడపాలన్న లెక్క అక్కడి నుంచే వచ్చింది.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు దాదాపు 17.7 లక్షల మంది. అందులో పట్టణాల్లో ఉన్నవాళ్లే 9.4 లక్షల దాకా ఉన్నారు. ఒక్క రాత్రిలో తిరిగి లెక్కపెట్టిన అంకె ఇది. దుకాణం అరుగు మీద, లారీ కింద, ఆస్పత్రి వరండాలో పడుకున్న ప్రతి మనిషీ ఆ రాత్రి లెక్కలోకి వచ్చాడంటే నేను నమ్మను.

షెల్టర్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో (తర్వాత దీనికి దీన్‌దయాళ్ అంత్యోదయ యోజన అని పేరు చేర్చారు) పట్టణ నిరాశ్రయుల షెల్టర్ల కోసం విడిగా ఒక భాగం ఉండేది. కేంద్రంలో గృహ, పట్టణ వ్యవహారాల శాఖ దాన్ని చూసేది. మామూలు రాష్ట్రాల్లో కట్టడానికయ్యే ఖర్చులో మొదట్లో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. ఈశాన్య, కొండ రాష్ట్రాలకైతే 90, 10. కట్టిన తర్వాత అయిదేళ్ల పాటు నిర్వహణకు కూడా సాయం ఉండేది. మన రెండు రాష్ట్రాల్లో ఈ పని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ), మున్సిపాలిటీల ద్వారా జరిగింది. హైదరాబాద్‌లోనైతే జీహెచ్‌ఎంసీలోని యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి) విభాగం చూసుకుంది.

ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో నిరాశ్రయుల కేసు విచారణకు వచ్చినప్పుడు, షెల్టర్లు కూడా కలిపి కొత్త పట్టణ పేదరిక నిర్మూలన మిషన్‌ను ఖరారు చేస్తున్నామని కేంద్రం తరఫున అటార్నీ జనరల్ చెప్పారు. ఒక పథకం ముగిసి ఇంకొకటి మొదలయ్యే ఇలాంటి సందుల్లోనే షెల్టర్లు నలుగుతాయి. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, దుప్పట్ల ఉతుకు ఇవేవీ కొత్త మార్గదర్శకాలు వచ్చేదాకా ఆగవు కదా.

మరి డీఅడిక్షన్ సెంటర్‌కు?

అది ఇంకో శాఖ, ఇంకో ఖాతా. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ 2018లో మొదలుపెట్టిన మాదకద్రవ్యాల డిమాండ్ తగ్గింపు జాతీయ కార్యాచరణ ప్రణాళిక కింద స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తారు. వాటితో నడిచే సెంటర్లనే ఐఆర్‌సీఏ అంటారు, అంటే వ్యసనపరుల సమగ్ర పునరావాస కేంద్రాలు. డాక్టరు, కౌన్సెలర్లు, వార్డు బాయ్‌లు, మంచాలు, భోజనం అన్నీ ఆ గ్రాంటులోనే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో నడిచే చికిత్స కేంద్రాలను ఏటీఎఫ్‌లంటారు. వీటిని ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ వ్యసన చికిత్స కేంద్రం సమన్వయం చేస్తుంది. ఇవి కాక రాష్ట్ర ఆరోగ్య శాఖల కింద ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ మానసిక వైద్యశాల లాంటివి ఉన్నాయి. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మొదలైన నషా ముక్త్ భారత్ అభియాన్ ప్రధానంగా ప్రచారం, అవగాహన కోసం పెట్టింది. ర్యాలీలూ ప్రతిజ్ఞలూ జరగాల్సిందే. కానీ ర్యాలీ చూసి మనసు మారిన మనిషికి మర్నాడు పొద్దున మంచం దొరకాలి.

రెండూ ఒకే చోట ఎందుకు లేవు?

మమ్మల్ని అన్నిటికంటే తక్కువ మంది అడిగే ప్రశ్న ఇది. అందరూ అడగాల్సింది కూడా ఇదే.

ఒకాయన సంగతి చెప్తాను. పాలమూరు వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. అడ్డా మీద నిలబడి పని దొరికిన రోజు చేసుకునేవాడు. సాయంత్రం క్వార్టర్‌తో మొదలైన అలవాటు పొద్దున్నే చెయ్యి వణకకుండా ఉండటానికి తాగే దాకా వచ్చింది. ఇంటికి డబ్బు పంపడం ఆగింది, తర్వాత ఫోన్లూ ఆగాయి. మా వాళ్లు ఆయన్ని ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో చేర్పించారు. అక్కడ వైద్యం బాగానే చేశారు. పన్నెండో రోజు డిశ్చార్జ్ చేశారు. ఆస్పత్రి చిట్టీ, మందుబిళ్లలు, తాపీ మూడూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గేటు బయటికి వచ్చాడు.

ఎక్కడికి వెళ్లాలి? దగ్గర్లోని షెల్టర్‌కు తీసుకెళ్తే, “డీఅడిక్షన్ కేసులు మేం చూడలేం సార్, మాకు ట్రైనింగ్ లేదు” అన్నారు. వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అక్కడ రాత్రి డ్యూటీలో ఉండేది ఒక్క కేర్‌టేకర్. పునరావాస కేంద్రానికి ఫోన్ చేస్తే, వెంట ఒక అటెండర్ ఉండాలి, ఇంటి అడ్రస్ కావాలి అన్నారు. ఆ రాత్రి ఆయన తన పాత చోటికే, వైన్ షాపుకు ఇరవై అడుగుల దూరంలో ఉన్న ఫ్లైఓవర్ కిందికే వెళ్లాడు. నాలుగో రోజు మేం చూసేటప్పటికి తాగి ఉన్నాడు. కవర్లో తాపీ లేదు, అమ్మేశాడు.

పన్నెండు రోజుల వైద్యానికి ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టింది. అదే ఊళ్లో షెల్టర్ మంచానికీ ఖర్చు పెట్టింది. ఆ రెండింటికీ మధ్య ఆటోలో పావుగంట దూరం. ఆ పావుగంట ప్రయాణానికి మాత్రం ఏ శాఖ పద్దులోనూ డబ్బు లేదు. షెల్టర్ పట్టణాభివృద్ధి శాఖది, వైద్యం ఆరోగ్య శాఖది, పునరావాసం సామాజిక న్యాయ శాఖది. మనిషి మాత్రం ఒక్కడే.

షెల్టర్ మార్గదర్శకాల్లో ఇలాంటివాళ్లకు చోటు లేదా?

ఉంది. ఆ పట్టణ మిషన్ మార్గదర్శకాల్లోనే మగవాళ్లకు, ఆడవాళ్లకు, కుటుంబాలకు వేర్వేరు షెల్టర్లతో పాటు ప్రత్యేక షెల్టర్లు అనే మాట ఉంది. దిక్కులేని ముసలివాళ్లు, మానసిక సమస్యలున్నవాళ్లు, జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు దాని కిందికి వస్తారు. హైదరాబాద్‌లో పెద్దాస్పత్రుల దగ్గర రోగుల సహాయకుల కోసం షెల్టర్లు కట్టింది ఈ ఆలోచనతోనే. ఊళ్ల నుంచి వచ్చి ఆస్పత్రి చెట్ల కింద పడుకునే కుటుంబాలకు అవి ఎంత మేలు చేశాయో నేను కళ్లారా చూశాను. తాగుడు మాన్పించుకుని కోలుకుంటున్న మనిషి కూడా జబ్బు నుంచి కోలుకుంటున్న మనిషే కదా. కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఆ ఒక్క మాటను ఇలా చదివితే చాలు.

తాగి వచ్చినవాణ్ణి షెల్టర్‌లోకి రానివ్వొచ్చా? మిగతావాళ్ల సంగతేంటి?

కష్టమైన ప్రశ్నే. పక్కన పిల్లలతో ఉన్న తల్లులు ఉంటే అస్సలు కుదరదు, నేనూ ఒప్పుకోను. ఆడవాళ్ల షెల్టర్లలో ఉండేవాళ్లలో చాలామంది ఇంట్లో తాగుబోతు కొట్టే దెబ్బలు తట్టుకోలేక వచ్చినవాళ్లే. వాళ్ల నిద్ర చెడగొట్టే హక్కు ఎవరికీ లేదు.

మగవాళ్ల షెల్టర్‌లో మాత్రం “తాగితే బయటే” అనే ఒక్క నియమం పెడితే, లోపల చోటు ఎవరికి అందరికంటే అవసరమో వాళ్లే బయట ఉండిపోతారు. మేం చూసిన వాటిలో బాగా నడిచిన పద్ధతి ఇది: లోపల తాగకూడదు, సీసా తేకూడదు, గొడవ చేయకూడదు. కానీ తాగి వచ్చి మాట్లాడకుండా పడుకునేవాడికి తలుపు దగ్గర విడిగా ఒక గది. పొద్దున కౌన్సెలర్ మొదట మాట్లాడేది అతనితోనే. దీనికి కావాల్సినవి ఒక గది, రాత్రిపూట రెండో మనిషి. ఆ రెండో మనిషి జీతం ఏ పద్దులో రాయాలన్న దగ్గరే ఫైలు ఆగుతుంది.

షెల్టర్‌లో చేరిన రోజు నుంచే తాగుడు బంద్ చేయిస్తే సరిపోదా?

దయచేసి అలా చేయకండి. ప్రాణం పోతుంది.

రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి భ్రమించి, లేనివి కనపడి, ఒళ్లంతా వణికి, జ్వరం ఎక్కుతుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే చనిపోయే ప్రమాదం ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మద్యం షాపులు మూసినప్పుడు ఎర్రగడ్డ ఆస్పత్రికి ఇలాంటి కేసులు వరసకట్టడం హైదరాబాద్ వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది.

తెలంగాణలో దీనికి ఇంకో ముఖం ఉంది, కల్తీ కల్లు. అందులో కలిపే అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులకు ఒళ్లు అలవాటు పడిపోతుంది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు గట్టిగా జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో ఎంతోమంది పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రుల పాలయ్యారు. కల్తీని ఆపాల్సిందే. కానీ ఆపే రోజుకు మందులు, మంచాలు సిద్ధంగా ఉండాలి. అప్పుడు అలా లేదు.

అందుకే షెల్టర్ కేర్‌టేకర్‌కు ఒక్క విషయమైనా నేర్పాలి. చెమటలు, వణుకు, వాంతులు, తికమక మాటలు కనపడితే “దిగుతోందిలే” అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ శిక్షణకు అయ్యే ఖర్చు షెల్టర్ గోడలకు వేసే రంగుల ఖర్చంత కూడా ఉండదు.

తాగుబోతులకు మా పన్నుల డబ్బు ఎందుకు పెట్టాలి?

కోపంతో అడిగేవాళ్లు ఉన్నారు, బాధతో అడిగేవాళ్లూ ఉన్నారు. ఒకావిడ నాతో అంది, “మా ఆయన తాగి తాగి చచ్చిపోయాడు. నాకెవరూ రూపాయి ఇవ్వలేదు, వీళ్లకెందుకమ్మా?” ఆవిడ ముందు నేను వాదించలేదు. ఆవిడ భర్తకు సమయానికి మంచం దొరికి ఉంటే ఏమయ్యేదో అని మాత్రం ఇప్పటికీ ఆలోచిస్తాను.

ముందు డబ్బు ఎవరిదో చూద్దాం. రెండు రాష్ట్రాల్లోనూ మద్యం హోల్‌సేల్ వ్యాపారం ప్రభుత్వ కార్పొరేషన్ల చేతిలోనే ఉంది. ఎక్సైజ్ సుంకం, వ్యాట్, లైసెన్సు ఫీజులు ఖజానాకు పెద్ద ఆదాయం. ఫ్లైఓవర్ కింద పడుకున్న మనిషి ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టడు, నిజమే. కానీ తాగిన ప్రతి క్వార్టర్ మీదా పన్ను కడుతూనే వచ్చాడు. అతని కాలేయం నుంచి వచ్చిన డబ్బులో కొంత అతని వైద్యానికి తిరిగి పెట్టమనడం దానం అడగడం ఎలా అవుతుంది?

ఇక అవసరం ఎంత ఉందో చూద్దాం. సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. దేశంలో దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, వారిలో 5.7 కోట్ల మందికి సాయం అవసరమని అందులో తేలింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందింది ప్రతి 180 మందిలో ఒక్కరు. ఇల్లూ కుటుంబం ఉన్నవాళ్లను కలిపిన లెక్క ఇది. ఇల్లే లేనివాడి వంతు ఎంతో ఊహించుకోండి.

దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం మనందరికీ గర్వకారణం. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి, 1997లో నిషేధం సడలింది. సీసా ఆపాలా వద్దా అన్న వాదన అప్పటి నుంచి మనం చేస్తూనే ఉన్నాం. సీసా వదల్లేకపోతున్న మనిషికి మంచం ఎక్కడ అన్న ప్రశ్న మీద అందులో సగం మాటలు కూడా ఖర్చు పెట్టలేదని నా అభిప్రాయం.

వైద్యం అయ్యాక మళ్లీ తాగితే డబ్బంతా వృథాయే కదా?

షుగర్ ఉన్నవాడికి మళ్లీ షుగర్ పెరిగితే పోయినసారి ఇచ్చిన ఇన్సులిన్ వృథా అయిందని ఎవరూ అనరు. వ్యసనం కూడా మళ్లీ మళ్లీ తిరగబెట్టే జబ్బు. రెండోసారి, మూడోసారి మానేవాళ్లే ఎక్కువగా మాకు ఎదురవుతారు.

ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు. వైద్యం చేస్తారా?

చేయాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంలో చేర్చారు. అదే చట్టం 18వ సెక్షన్ ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు బీపీఎల్ కార్డు ఉన్నా లేకపోయినా, దిక్కులేనివాళ్లకు, ఇల్లు లేనివాళ్లకు ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే చోట్ల ఉచితంగా వైద్యం చేయాలి. కౌంటర్ దగ్గర “కార్డు తెండి” అంటే ఈ సెక్షన్ నంబరు మర్యాదగా చెప్పండి. చాలాసార్లు అక్కడ కూర్చున్నవాళ్లకు ఈ సంగతి తెలియకపోవడమే అసలు సమస్య.

గంజాయి అలవాటున్న పిల్లాణ్ణి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందేమోనని భయంగా ఉంది.

ఈ టెన్షన్‌తోనే ఎంతోమంది తల్లిదండ్రులు ఆలస్యం చేస్తారు. చికిత్స కోసం వెళ్లడం నేరం కాదు. మాదకద్రవ్యాల నియంత్రణ చట్టంలో (ఎన్‌డీపీఎస్) 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడకం కేసులో గానీ, కొద్ది పరిమాణం దొరికిన కేసులో గానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మకం కేసులకు ఇది వర్తించదు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే.

కొన్ని సెంటర్లలో కట్టేసి కొడతారని విన్నాం.

మీరు విన్నది నిజమే, అలాంటివి ఉన్నాయి. ప్రభుత్వ మంచాలు చాలకపోవడం వల్లే అవి బతుకుతున్నాయి. విసిగిపోయిన కుటుంబం అప్పు చేసి మరీ అక్కడ డబ్బు కడుతుంది. మనిషిని ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. మానసిక వైద్య సంస్థ ఏదైనా రిజిస్టర్ చేయించుకోవాల్సిందే. చేయించుకోకపోతే మొదటిసారి రూ.5,000 నుంచి రూ.50,000 దాకా, రెండోసారి రూ.2 లక్షల దాకా, ఆ తర్వాత కూడా మారకపోతే రూ.5 లక్షల దాకా జరిమానా ఉంటుంది. చేర్పించే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. మనిషిని చూడ్డానికి ఎప్పుడు రానిస్తారో అడగండి. మూడు నెలల దాకా ఎవరూ రావద్దన్నారంటే అక్కడ చేర్పించకండి.

స్వచ్ఛంద సంస్థల చేతికిస్తే డబ్బు తినేయరా?

తినేసేవాళ్లు ఉన్నారు, అందుకే తనిఖీ కావాలి. మంచాలు ముప్ఫై రాసి మనుషులు పదిమంది ఉంటే పట్టుకోవడం పెద్ద కష్టం కాదు, రాత్రి పదింటికి చెప్పకుండా వెళ్తే తెలిసిపోతుంది. పట్టణాల్లో షెల్టర్ నిర్వహణ కమిటీలు ఉండాలని, వాటిలో అక్కడ ఉండేవాళ్లకూ చోటు ఉండాలని మేం అడిగేది ఇందుకే.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. నాకు తెలిసిన ఒక సెంటర్‌లో గ్రాంటు నెలల తరబడి రాలేదు. కౌన్సెలర్ ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. వంటమనిషి కిరాణా కొట్టులో తన పేరు మీద అప్పు పెట్టి వండింది. న్యాయమూర్తి కైలాశ్ గంభీర్ కమిటీ షెల్టర్ల సంగతి పరిశీలించినప్పుడు కొన్ని రాష్ట్రాల దగ్గర నిధులు ఖర్చు కాకుండా మిగిలిపోయిన విషయం సుప్రీంకోర్టులో చర్చకు వచ్చింది. ఒక చోట డబ్బు మూలుగుతుంటే ఇంకో చోట వంటమనిషి అప్పు చేస్తోంది. దొంగతనం మీద మనకు ఎంత కోపం వస్తుందో ఈ ఆలస్యం మీదా అంత రావాలి.

మా కాలనీలో షెల్టర్ వద్దు. తప్పా?

భయం తప్పు కాదు. కానీ ఒక్క విషయం గమనించండి. ఆ మనుషులు ఇప్పటికే మీ కాలనీలోనే ఉన్నారు, మూసేసిన దుకాణాల మెట్ల మీద, పార్కు గోడ పక్కన. కాబట్టి వాళ్లు బయట పడుకోవాలా లోపల పడుకోవాలా అన్నదే మీ చేతిలో ఉంది. లైట్లు, సీసీ కెమెరా, రాత్రి ఇద్దరు సిబ్బంది, కాలనీ నుంచి ఒకరు కమిటీలో ఉండాలి అని షరతులు పెట్టండి. అవి న్యాయమైన షరతులే. షెల్టర్‌ను ఊరి చివర డంపింగ్ యార్డు పక్కన పెడితే అడ్డా మీద నాలుగు గంటలకు నిలబడాల్సిన మనిషి అక్కడికి రాడు. ఆ భవనం ఖాళీగా ఉంటుంది, “ఎవరూ రావట్లేదు” అని రెండేళ్లకు మూసేస్తారు.

మా ఊళ్లో పరిస్థితి ఎలా తెలుసుకోవాలి?

మున్సిపల్ కమిషనర్ కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, బీపీఎల్ వాళ్లకు అదీ లేదు. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎన్ని షెల్టర్లున్నాయి, ఒక్కోదానిలో మంచాలెన్ని, గత నెల ప్రతి రాత్రీ ఎంతమంది పడుకున్నారు, మూడేళ్లలో ఎంత డబ్బు వచ్చింది, ఎంత ఖర్చయింది అని అడగండి. అలాంటిదే ఇంకొకటి జిల్లా ఆస్పత్రికి పెట్టండి: డీఅడిక్షన్ వార్డులో మంచాలెన్ని, డిశ్చార్జ్ అయినవాళ్లలో ఇల్లు లేనివాళ్లను ఎక్కడికి పంపారు?

రెండో కాగితంలోని చివరి ప్రశ్నకు ఇప్పటిదాకా మాకు వచ్చిన జవాబు ఒక్కటే: “వివరాలు నమోదు చేయబడలేదు.” ఆ జవాబు కాగితం తీసుకుని సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే. ఆస్పత్రిలో ఒక రిజిస్టర్, డిశ్చార్జ్ రోజున షెల్టర్ దాకా వెంట వెళ్లే ఒక మనిషి, షెల్టర్‌లో కోలుకునేవాళ్ల కోసం పది మంచాలు కావాలని రాసివ్వండి. మేం మా జిల్లాలో మూడుసార్లు రాసిచ్చాం. మూడోసారి ఆ కాగితం మీద “పరిశీలించండి” అని రాసి మున్సిపల్ కమిషనర్‌కూ ఆస్పత్రి సూపరింటెండెంట్‌కూ కలిపి పంపారు. ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద కనపడటం మాకు అదే మొదటిసారి.